టెంట్‌లో నా సగం

తిరిగొచ్చి వారమైంది. బట్టలు రెండుసార్లు మెషీన్‌లో వేశాను, అయినా నా స్వెట్టర్‌కి కట్టెల పొగ వాసన పోలేదు. పోకపోతే పోయిందిలే అని అదే తొడుక్కుని తిరుగుతున్నాను. మా అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్సుల దగ్గర కనబడిన ప్రతి అక్కా "కొలరాడో ఎలా ఉంది మంగా" అని అడుగుతోంది. ఒక్కొక్కరికీ నిలబడి చెప్తుంటే ఇంట్లో పప్పు మాడిపోతోంది. అందుకని కూర్చుని రాసేస్తున్నాను. నేను చదివింది ఇంటర్ వరకే, తప్పులుంటే సర్దుకోండి. ఎన్ని మైళ్ళు, ఏ ఎగ్జిట్, ఏ రోడ్డు అని మాత్రం అడగొద్దు. అవి ఫోన్ చెప్తుంది. ఫోన్ చెప్పనివి నేను చెప్తాను.

ముందు మా ఇద్దరి సంగతి. మాది తణుకు దగ్గర పల్లె. మా ఆయన రాజేందర్‌ది జగిత్యాల. డాలస్ పక్కన కాపెల్‌లో ఉంటాం, ఆయన సాఫ్ట్‌వేర్. అందరి మొగుళ్ళూ శనివారం టీవీ ముందు పడుకుంటే ఈయన తెల్లారేసరికి బూట్లు కట్టుకుని కూర్చుంటాడు. పెళ్ళై వచ్చిన కొత్తలో నాకిది అర్థమయ్యేది కాదు. ఇంట్లో మంచం పెట్టుకుని, డబ్బులిచ్చి మరీ నేల మీద పడుకోవడమేంటి అనిపించేది. వసంతంలో నీలం పూల పొలాలు, ఎండల్లో నది మీద పడవ, ఆకులు రాలేటప్పుడు ఓక్లహామా కొండలు, చలికాలంలో మంచు. మా ఇంట్లో ఒక్కో కాలానికి ఒక్కో బ్యాగు ఉంది. నేను వెనకాల గొణుక్కుంటూ వెళ్ళేదాన్ని. ఆ గొణుగుడు ఎప్పుడు ఆగిందో నాకే తెలీదు.

పోయిన చలికాలం మంచులో నడుస్తూ ఆయన జారిపడ్డాడు. కుడి మోకాలు. ఆపరేషన్ అయింది. వసంతమంతా సోఫాలో, ఎండాకాలమంతా ఫిజియోథెరపీలో గడిచిపోయింది. ఎండ రాకముందే లేపి మా ఇంటి దగ్గరి చెరువు చుట్టూ నెమ్మదిగా నడిపించేదాన్ని. "ఎక్కడం ఎలాగో ఎక్కుతాడు, దిగేటప్పుడే జాగ్రత్త" అని ఫిజియో అమ్మాయి నాకు చెప్పింది. ఆయనకి చెప్తే వినడని ఆమెకి అప్పటికే తెలిసిపోయింది.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం ఆయన క్లోజెట్‌లోంచి టెంట్ తీసి హాల్లో పరిచాడు.

"కొలరాడో పోదాం. ఆడ కొండ మీద ఒక లేక్ ఉన్నది. అక్కడిదాంక నడిస్తే సరే. నడవకపోతే ఈ టెంటు, బూట్లు, అన్నీ ఎవరికన్న ఇచ్చేస్త. ఇగ ఈ ముచ్చట బంద్" అన్నాడు.

వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. కానీ నాకు భయం వేసింది. ఈయన ఉత్తినే అనే మనిషి కాదు. ఒకసారి క్రికెట్ మానేస్తానని బ్యాట్ పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఐపీఎల్ కూడా చూడలేదు.

తల వంచి చూసే కొండలు

బయల్దేరేముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాను. మా పార్కింగ్‌లో నలిగిన నిమ్మకాయ కనబడితే ఎవరో ఊరెళ్ళారని అర్థం, ఎవరూ వింతగా చూడరు. కాపెల్‌లో ఇంకా ఎండలు పోలేదు, ఏసీ ఆపితే చెమటే. అమరిల్లో వైపు వెళ్ళేకొద్దీ చెట్లు తగ్గాయి, ఇళ్ళు తగ్గాయి, చివరికి ఆవులూ గాలిమరలూ మిగిలాయి. నేల చపాతీ పీటలా ఉంది. ఇక్కడ చూడ్డానికి ఏముంటుంది, ఈయన నన్ను మోసం చేస్తున్నాడు అనుకుంటుండగా నేల ఉన్నట్టుండి విడిపోయింది. కింద ఎర్రటి లోయ, లోయ నిండా కొండలు. పాలో డ్యూరో అంటారు. మా వైపు కొండంటే తలెత్తి చూస్తాం. ఇక్కడ తల వంచి చూశాం.

లోయలో చదును దారి ఉంది. ఆయన అక్కడ కాసేపు నడిచి, "చూసినవా, మంచిగనే ఉంది" అని మోకాలు తట్టుకున్నాడు. అడవి టర్కీ కోళ్ళు కొన్ని వరుసగా రోడ్డు దాటాయి. ముందొక ముసలి కోడి, వెనకాల మిగతావి. కార్లన్నీ ఆగాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు. కోడికి కూడా దారిచ్చే దేశం.

నా తప్పు ఇక్కడే జరిగింది. ఆవకాయ సీసా కారు డిక్కీలో పెట్టాను. ఎండకి నూనె పొంగింది. తిరిగొచ్చి చూస్తే సీసా పక్కకి ఒరిగి, మా ఇద్దరి స్లీపింగ్ బ్యాగులూ ఎర్రగా తడిసిపోయి ఉన్నాయి. టిష్యూలతో ఎంత తుడిచినా ఆవపిండి ఘాటు పోలేదు.

"గింత వాసనల పండుకుంటే కలల కూడ అన్నమే వస్తది" అన్నాడు.

మిరపకాయల పొగ

మర్నాడు కొలరాడోలోకి వచ్చాక కారు అద్దం దించితే ఒక వాసన వచ్చింది. పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాలుస్తున్న వాసన. ఈ దేశంలో నాకు తెలియకుండా ఎవరు పచ్చడి చేస్తున్నారు అని "ఆపండి, ఆపండి" అన్నాను. రోడ్డు పక్కన పందిరి కింద జల్లెడ లాంటి పెద్ద ఇనప పీపా, దాని కింద గ్యాస్ మంట. పీపాలో మిరపకాయలు పోసి గుండ్రంగా తిప్పుతున్నారు. ఆ కాలంలో అక్కడ అందరూ గోతాలకి గోతాలు కాల్పించుకుని, ఫ్రీజర్‌లో ఏడాదంతా దాచుకుంటారట. మనం ఆవకాయ పెట్టుకున్నట్టే.

తిప్పుతున్నావిడ పేరు రోసా. మా అమ్మ వయసుంటుంది. "హాటా, మైల్డా?" అని అడిగింది.

"హాట్" అన్నాను.

ఒకటి తీసి చేతిలో పెట్టింది. నమిలాను. నేనెప్పుడు ఏడుస్తానా అని నా మొహమే చూస్తోంది. "ఇది మైల్డ్" అన్నాను. ఆవిడ వెనకాలున్న ఇంకో గోతం విప్పి ఇంకొకటి ఇచ్చింది. అది తిన్నాక నేను కాసేపు మాట్లాడలేకపోయాను. మా ఆయన రోసాకి రెండు చేతులూ జోడించి "థాంక్యూ" అన్నాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. వచ్చిన భాష సగం, రాని భాష సగం అయినా కొన్ని సంగతులు ఎవరికైనా అర్థమవుతాయి.

వాళ్ళు తొక్క తీసి, జున్ను కూరి, గుడ్డులో ముంచి వేయిస్తారట. నేను వెల్లుల్లి, చింతపండు, ఉప్పు అని చేతులతో దంచి చూపించాను. సగం గోతం పాతిక డాలర్లకి ఇచ్చి, పైన ఇంకో దోసెడు పోసింది. వెళ్ళేటప్పుడు మా ఆయన కారెక్కే తీరు చూసి, "మోకాలా?" అంది.

"ఐ యాం ఫైన్" అన్నాడు ఆయన, తలుపు కొంచెం గట్టిగా వేస్తూ.

ఇసుక మీద జారుడు

మంచు కొండల పాదాల దగ్గర ఇసుక కొండలుంటాయని ఎవరైనా చెప్తే నేను నమ్మేదాన్ని కాదు. కళ్ళతో చూసినా నమ్మడానికి కాసేపు పట్టింది. ఎవరో మరిచిపోయి ఎడారిని తెచ్చి అక్కడ ఒంపేసి వెళ్ళిపోయినట్టుంది. పిల్లలూ పెద్దలూ చెక్కలు అద్దెకి తీసుకుని ఇసుక మీద జారుతున్నారు. ఇసుకలో కాలు మెలికపడుతుందని ఫిజియో ముందే చెప్పింది. కాబట్టి ఆయన కిందే కూర్చున్నాడు. నాకొక చెక్క తెచ్చి, దానికి మైనం తనే రుద్ది ఇచ్చాడు.

"ముందుకు ఒంగకు. వెనకకు పండుకో. నోరు మూసుకో, లేకుంటె ఇసుక తింటవ్."

మొదటి రెండూ పాటించాను. నోరు మూసుకోవడం నా వల్ల కాదని మీకు తెలుసు. కెవ్వుమంటూ దిగాను, నోటి నిండా ఇసుక. మళ్ళీ ఎక్కాను. ముందుకొక అడుగు వేస్తే వెనక్కి సగం జారుతుంది. పైకెళ్ళి చూస్తే ఒక పక్క మబ్బు నీడలు ఇసుక మీద పాకుతున్నాయి, ఇంకో పక్క కొండల మీద చెట్లు అక్కడక్కడా పసుపు తిరుగుతున్నాయి. కింద మా ఆయన చిన్న చుక్కలా కనబడ్డాడు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

దిగొచ్చాక, "పైనుంచి ఏం కనబడ్డది?" అని అడిగాడు.

చెప్పాను. అంతా విని, "ఇంక?" అన్నాడు. ఎప్పుడూ ఆయనే ముందెళ్ళి చూసొచ్చి నాకు చెప్పేవాడు. ఇప్పుడు ఆయన అడుగుతుంటే, చూడనివి కూడా కొన్ని కలిపి చెప్పాను.

ఎలుగుబంటి పెట్టె

అక్కడినుంచి పడమటికి వెళ్ళేకొద్దీ కాలం మారిపోయింది. ఆస్పెన్ అని ఒక చెట్టు. తెల్లటి మాను, రావి ఆకులా వణికే చిన్న ఆకు. కొండలకి కొండలే పసుపు గుడ్డలు ఆరేసినట్టున్నాయి. గాలి వీస్తే కొండంతా కదిలినట్టు ఉంటుంది. కారు దారిలో ఎన్నిసార్లు ఆపామో లెక్కలేదు. ఆగిన ప్రతిచోటా ఇంకో నాలుగు కార్లు ఆగి ఉండేవి. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, ఎవరూ మాట్లాడట్లేదు. నేను కూడా.

మా క్యాంప్‌గ్రౌండ్ యూరే అనే ఊరి పైన కొండ వాలులో ఉంది. చుట్టూ గోడల్లాంటి కొండలు, మధ్యలో పిడికెడు ఊరు. క్యాంప్ చూసుకునే కారల్ అనే పెద్దావిడ వచ్చి ఎలుగుబంట్ల సంగతి చెప్పింది. తిండే కాదు, వాసనొచ్చేది ఏదైనా సరే టెంట్‌లో ఉండకూడదట. ప్రతి టెంట్ దగ్గరా ఒక ఇనప పెట్టె, అందులో పెట్టి గొళ్ళెం వేసుకోవాలి. ఆవకాయ పెట్టాను. మిరపకాయలు పెట్టాను. ఆవిడ ఇంకా నిలబడే ఉంది. కొబ్బరినూనె సీసా పెట్టాను. అగరొత్తులు పెట్టాను. జండూబామ్ పెట్టాను. అప్పుడావిడ ముక్కు ఎగబీల్చి, టెంట్‌లో తల పెట్టి, మా స్లీపింగ్ బ్యాగులు చూపించి "అదేంటి?" అంది.

మా ఆయన పాపం ఇంగ్లీష్‌లో ఆవకాయ అంటే ఏంటో చెప్పడానికి చాలా ప్రయత్నించాడు.

కారల్ శాంతంగా అంతా విని, "మా ఎలుగుబంటికి ఇది బాగా నచ్చుతుంది" అంది.

అలా స్లీపింగ్ బ్యాగులు రెండూ ఎలుగుబంటి పెట్టెలో పడుకున్నాయి. మాకు మా అత్తగారు కుట్టిచ్చిన బొంత ఒక్కటి మిగిలింది.

ఆ సాయంత్రం అన్నం కూడా నాకు ఎదురుతిరిగింది. అంత ఎత్తులో నీళ్ళు గబగబా మరుగుతాయి కానీ బియ్యం ఉడకదు. కుక్కర్ బరువని ఇంట్లో వదిలేసి వచ్చాం. గంటసేపు మరిగించినా పలుకే. రోసా మిరపకాయలతో పచ్చడి నూరి, ఆ పలుకన్నంలో కలిపి తిన్నాం. పళ్ళకి కూడా వ్యాయామం కావాలి కదా అన్నాడు ఆయన. చాలారోజుల తర్వాత హుషారుగా ఉన్నాడు. రేపే ఆ కొండ మీది చెరువుకి నడక.

ఆల్మోస్ట్ దేర్

పొద్దున్నే నడక మొదలుపెట్టాం. ఆయన ముందు, నేను వెనక. మొదటి గంట ఈల కూడా వేశాడు. ఈ అమెరికావాళ్ళు ఆఫీసు లిఫ్ట్‌లో ఫోన్‌లోంచి తలెత్తరని మా ఆయన అంటాడు. కొండ మీద మాత్రం ఎదురైన ప్రతి మనిషీ పలకరిస్తాడు. ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు పక్కకి జరిగి దారిస్తారు. ఈ పద్ధతి మా తణుకు బస్టాండ్‌లో పెడితే తోపులాటలో ఊడిపోకుండా ఎన్ని జడలు మిగులుతాయో.

నాకు నచ్చని పద్ధతి కూడా ఒకటుంది. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక తాత దిగుతూ ఎదురైతే, ఇంకా ఎంత దూరం అని అడిగాను. "ఆల్మోస్ట్ దేర్" అన్నాడు, వచ్చేశారు అన్నట్టు. చాలాసేపు నడిచాక కుక్కతో ఒకావిడ వచ్చింది. ఆవిడా "ఆల్మోస్ట్ దేర్" అంది. అప్పటికి మా ఆయన ఈల ఆగింది. మాట కూడా ఆగింది.

అప్పుడు పైనుంచి, "చిన్నూ, పరిగెత్తకు, పళ్ళు రాలతాయ్" అని వినబడింది.

నా ప్రాణం లేచొచ్చింది. "మీరు తెలుగా?" అని కిందినుంచే అరిచాను.

"కాకపోతే ఈ కొండ మీద ఇంత గట్టిగా ఎవరు మాట్లాడతారమ్మా" అంటూ ఒకావిడ దిగింది. పేరు శిరీష, ప్లేనో నుంచి. వెంట ఏడెనిమిదేళ్ళ కూతురు.

"ఇంకా ఎంత దూరం వదినా?"

ఆవిడ మా ఆయన్ని చూసి, నన్ను చూసింది. "నిజం చెప్పమంటావా, ధైర్యం చెప్పమంటావా?"

"నిజమే చెప్పండి."

"గంట పైనే. చివర్లో అంతా రాళ్ళు. ఎక్కడం ఎలాగో ఎక్కాం. దిగేటప్పుడు కూర్చుని జరిగాం."

"మమ్మీ క్రై చేసింది ఆంటీ" అంది చిన్ను.

"క్రై కాదు, గాలికి కళ్ళు మండాయి. నడువు నువ్వు."

"మరి అందరూ ఆల్మోస్ట్ దేర్ అంటున్నారు?"

"అది వీళ్ళ మర్యాద. మనం స్నానం చేస్తూ ఫోన్ ఎత్తి 'దారిలో ఉన్నా' అనమూ, అలాంటిదే" అని నవ్వి, నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

కొంచెం ముందు దారిలో చిన్న గుంత లాంటి దిగుడు వచ్చింది. ఆయన ఒక చెట్టు పట్టుకుని, అడ్డంగా తిరిగి, ఒక్కో కాలూ జరుపుకుంటూ దిగాడు. నేను అక్కడే ఆగిపోయాను.

"తిరిగి వెళ్ళిపోదామండీ."

"ఎందుకు? ఆమె పిల్లతోని పోయొచ్చింది. నేను పోనా?"

"ఆవిడ మోకాలికి ఆపరేషన్ అవ్వలేదు."

"నాకు నొప్పి లేదు."

"నొప్పి గురించి నేను అడగలేదు. ఇందాక అడ్డంగా ఎందుకు దిగారు?"

ఆయన వంగి బూటు లేసు విప్పి మళ్ళీ కట్టాడు. "ఇంత దూరం వచ్చి చూడకుండ పోవుడేంది. నువ్వు ఈడ్నే కూసో. నేను చూసొస్త."

వెళ్ళిపోయాడు. నేను నిజంగానే ఒక రాయి మీద కూర్చుండిపోయాను. అంత పెద్ద కొండ మీద ఒక్కదాన్నీ కూర్చోవడం నాకు అదే మొదటిసారి. మాట్లాడ్డానికి ఒక ఉడత తప్ప ఎవరూ లేరు. మబ్బు పట్టింది, చలేసింది. ఆయన చెరువు చేరితే మోకాలు పోతుంది. చేరకపోతే టెంట్ పోతుంది. రెంటిలో ఏది కోరుకోవాలో తెలియక, దేవుడికి దండం పెట్టుకోవడం కూడా సగంలో ఆపేశాను.

చెరువు దాకా వెళ్ళి వచ్చేంతసేపు కాకముందే వచ్చాడు.

"చూశారా?"

"లే, కిందికి పోదాం."

అంతే అన్నాడు.

దిగుడు

దిగడం మొదలయ్యాక ఫిజియో అమ్మాయి మాట ఎంత నిజమో తెలిసింది. ప్రతి రాయి దగ్గరా ఆగాలి. ఒకచోట ఆయన పిల్లాడిలా కూర్చుని జరిగాడు. ఊతకర్రలు తెచ్చుకుందామని ఇంట్లో అంటే, "అవి ముసలోళ్ళకు" అన్నాడు. ఇప్పుడు వెనకాల దిగుతున్న ఒక గడ్డం తాత మా దగ్గర ఆగి, తన రెండు కర్రల్లో ఒకటి చాచాడు.

"మరి మీకు?" అన్నాడు మా ఆయన.

"నా రెండు మోకాళ్ళూ లోహమే. ఒక కర్ర చాలు" అన్నాడు తాత. "కింద దారి మొదట్లో ఉన్న బోర్డు దగ్గర ఆనించి వెళ్ళండి, తర్వాత తీసుకుంటాను. నేను పక్క దారిలో ఇంకాస్త తిరిగొస్తా."

పేరు అడగలేదు, ఫోన్ నంబర్ అడగలేదు. ఆ కర్ర చూస్తే ఖరీదైనదే. మా ఊళ్ళో సైకిల్ పంపు ఇచ్చినా మనిషిని వెంట పంపిస్తారు. ఆ తాత మలుపు తిరిగేవరకూ చూస్తూ నిలబడ్డాను. ఆ వయసులో ఆ నడక.

మా ఆయన ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో నా భుజం పట్టుకున్నాడు. నేను ముందు నడుస్తూ, ఆయన మనసు మళ్ళించడానికి నోటికొచ్చిందల్లా మాట్లాడాను. మా చెల్లెలి పెళ్ళిచూపులు, కింది ఫ్లాట్ వాళ్ళ కుక్కర్ విజిల్, అన్నీ.

"జర చుప్పుండు మంగా" అన్నాడు.

చుప్పున్నాను. రెండు మలుపులు దాటాక, "ఆగినవేంది? ఆ పిలగాడు ఇంతకు ఏమన్నడు మీ చెల్లెను చూసి?" అన్నాడు.

కర్ర బోర్డుకి ఆనించి, ఒక జీడిపప్పు ప్యాకెట్ దానికి కట్టి వచ్చాం.

పంపకం

క్యాంప్‌కి వచ్చాక ఆయన మోకాలికి ఐస్ పెట్టుకుని కాసేపు కూర్చుని, కుంటుకుంటూ పక్క సైట్‌కి వెళ్ళాడు. అక్కడ ఇద్దరు కాలేజీ పిల్లలు ఉన్నారు, కేటీ అనే అమ్మాయి, ఆమె స్నేహితుడు. టెంట్ లేక కారులోనే ముడుచుకుని పడుకుంటున్నారు. ఏదో మాట్లాడి వచ్చాడు. నేను అన్నం సంగతి చూస్తున్నాను. ఇంకాసేపటికి కేటీ పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది.

"రేపు పొద్దున్న టెంట్ మాకే ఇచ్చేస్తానన్నారు. నిజంగానా? మీకు ఓకేనా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కొండల వైపు చూస్తున్నాడు. నాకు వచ్చిన ఇంగ్లీష్ అంతా పోగుచేసుకుని చెప్పాను. "మా ఆయన తన సగం ఇచ్చాడు. నా సగం నేను ఇవ్వట్లేదు."

కేటీ టెంట్ వైపు తిరిగి, సగం ఎక్కడిదాకా వస్తుందో అన్నట్టు చూసింది.

"మంగా, ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాడు ఆయన తెలుగులో.

"ఇచ్చేముందు నన్నడిగారా?"

"నీకు టెంటంటే ఇష్టమే లేదు గద. ఎప్పుడు చూడు నడుం నొప్పి, నడుం నొప్పి."

"నడుం నొప్పీ నాదే, టెంటూ నాదే. సగం."

"సగమేంది, నాకు సమజ్ కాలే."

"మా నాన్నకీ మా బాబాయికీ కలిపి పొలానికి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను ఒకటి ఉండేది. బాబాయి వ్యవసాయం మానేసి తణుకులో కొట్టు పెట్టుకుంటా, ఇంజను అమ్మేద్దాం అన్నాడు. 'నీ సగం అమ్ముకోరా, నా సగంతో నేను తడి పెట్టుకుంటా' అన్నాడు మా నాన్న. ఊరంతా నవ్వారు. ఇంజను ఇప్పటికీ మా పొలంలోనే ఉంది."

"సగం ఇంజన్ ఎట్ల నడుస్తది?"

"నేనూ అదే అడుగుతున్నా. సగం టెంట్ ఎలా నిలబడుతుంది?"

 కేటీకి ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, గట్టిగా నవ్వొస్తే చేత్తో మూతి కప్పుకుంది. నేను వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి అదే పలుకన్నం, అదే పచ్చడి పెట్టాను. కుర్రాడు చెవులదాకా ఎర్రబడి, నీళ్ళు తాగి, ఇంకొంచెం అడిగాడు. మా ఆయన తింటూ వాళ్ళతో బాగానే మాట్లాడాడు. నాతో మాత్రం టెంట్ ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. ఒక్క బొంత కింద ఎటువాళ్ళం అటు తిరిగి పడుకున్నాం.

మంచు

పొద్దున్న మెలకువ వచ్చేసరికి లోపల వింత వెలుగు. చప్పుడంటూ ఏమీ లేదు, చెవుల్లో దూది పెట్టినట్టుంది. టెంట్ పైకప్పు కిందికి వాలి నా ముక్కు దాకా వచ్చింది. పక్కన ఆయన లేడు.  జిప్ తీసి తల బయట పెట్టాను.

మంచు పడింది. ఇంకా పడుతోంది. నిన్నటి పసుపు ఆకుల మీద తెల్లగా, ఆకు కిందికి ఒంగేంత. కాపెల్‌లో ఎండలో బయల్దేరిన మనిషిని, ఇంత తొందరగా ఇన్ని కాలాలు చూస్తాననుకోలేదు. కొండలు కనబడట్లేదు. అంత అందంగా ఉన్న పొద్దుని నేను ఎప్పుడూ చూడలేదు.

ఆయన కర్రముక్కతో టెంట్ మీద మంచు దులుపుతున్నాడు. నా వైపు మాత్రమే. తన వైపు జానెడు మంచు అలాగే ఉంది.

"ఏం చేస్తున్నారు?"

"నీ సగం దులుపుతున్న."

"మరి మీ సగం?"

"అది నాది గాదు గద. ఇచ్చేసిన."

పక్క సైట్ వైపు చూశాను. కేటీ వాళ్ళ కారు లేదు. మంచులో టైర్ల జాడలు మాత్రం ఉన్నాయి.

"కేటీకి ఇచ్చారా?"

"ఆ పిల్లకు పొద్దుగాల్నే పోయి సారీ చెప్పిన. అనుకున్నట్టు లేదు, మా ఇంట్ల పంపకాలు తేలలేదు అన్న. నవ్వింది. మంచు ఎక్కువ కాకముందే కొండ దిగుతమని పోయిన్రు." కాసేపు కర్రతో మంచు గీకాడు. "నా సగం నీకే ఇచ్చిన. నిన్న అక్కడ నువ్వు ఆగకపోతే నేను ఆగేటోన్ని కాదు. ఇగ ఎక్కడిదాంక పోవాల్నో నువ్వే చెప్పు. నాకు తెలుస్తలేదు."

ఆయన అలా అనడం నేను ఎప్పుడూ వినలేదు.  బొంత చుట్టుకుని, చెప్పుల్లేకుండానే బయటికొచ్చి నిలబడ్డాను. కాళ్ళు కొంకర్లు పోతున్నాయి.

"అయితే మొత్తం నాదే" అన్నాను.

"నీదే."

"నా టెంట్ ఎక్కడ వెయ్యాలో నేనే చెప్తా."

"చెప్పు."

"మీ మోకాలు ఎక్కడ ఆగితే అక్కడ. చెరువు దాకా వెళ్ళిందా, చెరువు దగ్గర. సగంలో ఆగిందా, సగంలో. పార్కింగ్‌లోనే ఆగిందా, పార్కింగ్‌లో వేద్దాం."

ఆయన నవ్వలేదు. తల ఊపి, నా కాళ్ళకేసి చూసి, "లోపలికి పో, గడ్డకడ్తవ్" అన్నాడు.

లోపలికొచ్చి బొంత కప్పుకున్నాను. కాసేపటికి అవతలి వైపునుంచి కర్ర తగిలిన చప్పుడు, తర్వాత ఆ జానెడు మంచూ ఒక్కసారిగా జారిపడింది. కప్పు పైకి లేచింది.